బోథ్‌లో బొట్టు పెట్టిన మిక్సర్

కరీంనగర్‌లో నాకొక చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. ఉంది అని రాస్తున్నాను గానీ, ఈ వాక్యం ఎన్నాళ్ళు నిజంగా ఉంటుందో చెప్పలేను. ఒకప్పుడు బతుకమ్మ పాటలు, జానపదాలు, క్రిస్మస్ పాటలు అంటూ వచ్చే జనానికి గుమ్మం దగ్గర చెప్పులు విడిచే చోటు ఉండేది కాదు. ఇప్పుడు ప్రతి పిల్లగాడి పడకగదీ స్టూడియోయే. ఒక మైకు, ఒక ల్యాప్‌టాప్, కిటికీకి అడ్డంగా ఒక దుప్పటి ఉంటే చాలు. నాకు మిగిలింది ఒకే రకం పని, గుంపుగా పాడేవాళ్ళ పని. పదిహేను మంది ఒకేసారి నోరు తెరిస్తే ల్యాప్‌టాప్ పిల్లలు చేతులెత్తేస్తారు, ఎందుకంటే అన్ని మైకుల శబ్దాన్ని ఒకచోట కలపడానికి పెద్ద మిక్సర్ కావాలి. మొన్నటి వానాకాలంలో పిడుగు పడి నా పెద్ద మిక్సర్ కాస్తా కాలిపోయింది. మూలిగే నక్క మీద తాటిపండు పడడం అంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను.

మందమర్రి బొగ్గుగని కాలనీలోని ఒక చర్చి పాటల బృందం ఏటా నా దగ్గరే క్రిస్మస్ పాటలు రికార్డు చేసుకుంటుంది. నిజం చెప్పాలంటే ఈ సంవత్సరం నా చేతిలో ఉన్న పని అదొక్కటే. అది కూడా పోతే షట్టర్ దించి, ఆ గది టిఫిన్ సెంటర్ పెట్టుకుంటామని అడుగుతున్నవాళ్ళకు ఇచ్చేయాలి. కొత్త మిక్సర్ కొనడం నా వల్ల అయ్యే పని కాదు. పెళ్ళిళ్ళకు సౌండు పెట్టేవాళ్ళ మిక్సర్ అద్దెకు తెచ్చి చూశాను, పాట కంటే దాని గుయ్యిమనే మోతే ఎక్కువ. ఒక్కొక్కరినీ విడిగా పాడించి తర్వాత కలుపుదామా అని బృందాన్ని నడిపే ఎస్తేరక్కను అడిగాను. "మేం ఒకల మొఖం ఒకలం సూస్కుంట పాడేటోళ్ళం తమ్మీ. ఒక్కొక్కలను అర్రల ఏసి తలుపు పెడ్తె గొంతు ఏడికెల్లి లేస్తది?" అన్నది. ఆమె మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

అలాంటి రోజుల్లో పాత సామాన్లు అమ్మే ఒక ఫోను గ్రూపులో ఆ ఫొటో కనబడింది. పదహారు ఛానళ్ళ పెద్ద స్టూడియో మిక్సర్. ఛానళ్ళ కింద అంటించిన తెల్ల టేపు మీద అరబ్బీలో చేతిరాత. కింద రెండే ముక్కలు రాసి ఉన్నాయి: మస్కట్ నుంచి తెచ్చింది, ఇక్కడ ఒక్కరోజు కూడా వాడలేదు. ఊరు ఆదిలాబాద్ జిల్లా బోథ్. ఫోను చేస్తే అవతల గొంతు, "రాండ్రి అన్నా, కండ్లల్ల పెట్టుకొని సూసుకున్న" అంది. ఆయన్ను ఇక్కడ గంగారాం అంటాను. అసలు పేరు అది కాదు. పేరెందుకు మార్చానో చివరికి మీకే తెలుస్తుంది.

తెల్లవారక ముందే కరీంనగర్ బస్టాండులో నిర్మల్ బస్సెక్కాను. జగిత్యాల, మెట్‌పల్లి మీదుగా నాలుగు గంటల పైనే పడుతుంది. టికెట్టు రెండొందల యాభై దాకా అవుతుంది. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం, మగవాళ్ళకు నిలబడడం ఉచితం, కాబట్టి జగిత్యాల దాకా నిలబడే వెళ్ళాను. సంచిలో మల్టీమీటరు, స్క్రూడ్రైవర్లు, హెడ్‌ఫోను, ఒక మైకు, ఒక వైరు పెట్టుకున్నాను. పాత మిక్సర్ చూడబోయేవాళ్ళు ఇంతకంటే మోయక్కర్లేదు. కోరుట్లలో ఒక కుటుంబం తాళ్ళతో బిగించిన అట్టపెట్టెలతో ఎక్కింది. పెట్టెల మీద విమానం చీటీలు ఇంకా ఊడలేదు. లోపల కంబళ్ళు, సబ్బులు, సెంటు సీసాలు ఉంటాయని ఈ దారిలో తిరిగే ఎవరినడిగినా చెప్తారు. గల్ఫ్ నుంచి మిక్సర్ తెచ్చుకున్న మనిషి ఎలా ఉంటాడో అని ఆ పెట్టెలు చూస్తూ ఊహించుకున్నాను. ఆశకు అంతకంటే పనేముంది!

నిర్మల్‌లో ఆదిలాబాద్ బస్సుకు మారితే మహబూబ్ ఘాట్ మలుపులు దాటి గంటలోపే నేరడిగొండలో దింపుతుంది. మీలో చాలామంది అక్కడ దిగేది కుంటాల జలపాతం కోసం. ఆటో అతను కూడా నన్ను చూడగానే జలపాతానికేనా సార్ అన్నాడు. బోథ్ అన్నాను.

"బోథ్‌ల ఏమున్నది సార్ సూసెటందుకు?"

"ఒక మిషన్ చూడాలి. పాటలు రికార్డు చేసేది."

"పాటలా? గిప్పుడు అందరు ఫోన్‌లనే జేస్తుండ్రు గద సార్," అన్నాడు. పాపం, వాడికేం తెలుసు. ఆ మాట రోజూ అద్దంలో చూసుకుంటూ నాకు నేనే చెప్పుకుంటాను. షేరింగ్ ఆటోలో అరగంట దాటి పట్టింది, యాభై రూపాయలు తీసుకున్నాడు. దారి పొడవునా పత్తి ఏరుతున్నారు, రోడ్డు పక్క తుప్పల నిండా పత్తి పింజలు చిక్కుకుని ఉన్నాయి.

గంగారాం బస్టాండు దాకా ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నా కోసమే వేసుకున్నాడని మడతలు చూస్తే తెలిసింది. ఇంట్లోకి అడుగుపెట్టగానే ముందు గదిలో టేకు బల్ల మీద, తెల్లగుడ్డ కింద అది ఉంది. గుడ్డ తీశాడు. ఒక్క గీత లేదు, ఒక్క నాబ్ విరగలేదు. గోడ పక్కది తప్ప ప్రతి ఛానల్ నెత్తిన పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. ముందు అంచుకు దసరా నాటి బంతిపూల దండ ఎండిపోయి వేలాడుతోంది. ఆ క్షణాన నేను ఎస్తేరక్క బృందాన్ని మనసులోనే నిలబెట్టేసి, ఎవరికి ఏ ఛానల్ ఇవ్వాలో కూడా పంచేశాను.

"మస్కట్ల స్టూడియోల చాయ్ ఇచ్చుడు, ఊడ్సుడు, గీ బోర్డు తుడుసుడు నా పని అన్నా," అన్నాడు గంగారాం. "తడి గుడ్డ దగ్గరికి రానియ్యకపోయేది మా అర్బాబ్, అదే మా సేఠు. ఒట్టి బుర్రష్‌తోనే తుడువాలె. పన్నెండేండ్లు తుడిసిన. స్టూడియోల కంప్యూటర్లు వచ్చినంక మా అర్బాబ్, తీస్కపో గంగారాం అన్నడు. నేను ఇంకేం తెచ్చుకోలే. గిదొక్కటే ఓడల ఏపిచ్చిన. బోథ్‌ల స్టూడియో పెడదామనుకున్న."

లోపలి నుంచి ఆయన భార్య పోసవ్వ (ఈ పేరూ మార్చిందే) చాయ్ తెచ్చింది. "దుబాయ్‌కి, మస్కట్‌కు పోయినోళ్ళ ఇండ్లల్ల ఆడోళ్ళకు బంగారమొచ్చింది. మా ఇంటికి గిదొచ్చింది," అని నవ్వింది. ఆ నవ్వులో కోపం పాతబడిపోయి మెత్తబడింది. స్టూడియో ఎందుకు పెట్టలేదని అడిగితే గంగారాం తల గోక్కున్నాడు. పెట్టే జాగా దొరకలేదట, దొరికిననాడు చేతిలో ఏమీ లేదట, తర్వాత కౌలుకు పత్తి మొదలుపెట్టాడట. తెలియకుండా ముట్టుకుంటే కాలిపోతుందేమోనని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా స్విచ్ వేయలేదు. "నువ్వేమిచ్చినా సరే అన్నా. గని దీనిమీద మొదలు జేసిన పాట నాకు ఇనిపియ్యాలె," అన్నాడు. నేను మాటిచ్చేశాను.

పాత మిక్సర్‌ను విప్పి చూడకుండా కరెంటు పెట్టకూడదు. ఇద్దరం పట్టుకుని బోర్లించాం. బోర్లించగానే లోపల ఏదో జలజలా దొర్లింది. అడుగు రేకు స్క్రూలు తీశాను. ముందు బల్ల మీదికి పసుపు అక్షింతలు రాలాయి. ఆ వెనక నలిగి పొడి అయిన ఆకులు. శబ్దాన్ని పెంచడానికి, తగ్గించడానికి జరిపే మీటలను ఫేడర్లు అంటాం. దాదాపు ప్రతి ఫేడర్ గాడిలోంచి లోపలికి జమ్మి ఆకులు దోపి ఉన్నాయి. ఆకుల కింద సర్క్యూట్ కార్డుల మీద రాగి తీగలన్నీ పచ్చగా చిలుము పట్టి, కొన్నిచోట్ల తీగే లేకుండా తినేసి ఉన్నాయి. చెడిన కొబ్బరి వాసన కొట్టింది.

"దసరాకు పూజ చేస్తరా దీనికి?" అన్నాను, మామూలుగా అడిగినట్టే.

"చెయ్యమా మరి!" అంది పోసవ్వ. "ఏటా నేనే జేస్త. జమ్మి ఆకు బంగారం ముందుగల దీనికే పెడ్త. కొబ్బరికాయ గొట్టి నీళ్ళు సల్లుత."

"నీళ్ళు ఎక్కడ చల్లుతరు?"

"ఏడ సల్లుతరు, దీనిమీదనే! బండికి సల్లమా అన్నా?" అంది, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

నేను గంగారాం వంక చూశాను. పన్నెండేళ్ళు తడి గుడ్డ సోకనివ్వని మనిషి శ్రద్ధగా తల ఊపుతున్నాడు. ఆయన లెక్కలో తడి వేరు, పూజ వేరు. అది తడి అని ఆయనకు ఒక్కనాడూ తోచలేదు. నా సొంత స్టూడియో కూలిపోయినట్టే కూలబడ్డాను, అయినా ఆశ చావక మల్టీమీటరు తీశాను. కరెంటిచ్చే పెట్టె విడిగా బల్ల కింద ఉంది. దానికి పూజ లేదు కాబట్టి అది నిక్షేపంగా ఉంది. కార్డులను పొడి బ్రష్‌తో దులిపి, భయం భయంగా స్విచ్ వేశాను. చిన్న ఎర్ర దీపం వెలిగింది. పోసవ్వ చేతులు జోడించింది.

ఒక్కొక్క ఛానల్‌కూ మైకు పెట్టి చూశాను. మొదటిది చచ్చింది. రెండోదాంట్లో పటపటమని మోత, తర్వాత అదీ లేదు. అలా వరుసగా పెట్టుకుంటూ, తీసుకుంటూ పోయాను. చివరిది, గోడ పక్కది ఒక్కటి బతికి ఉంది. బల్ల గోడకు ఆనించి ఉండటంతో అటువైపు పోసవ్వ చెయ్యి అందక నీళ్ళు సరిగా పడలేదు. హెడ్‌ఫోను గంగారాం చెవులకు పెట్టి, మైకు పోసవ్వకిచ్చాను. ఆమె సిగ్గుపడి, "ఇనవడ్తుందా?" అంది.

గంగారాం రెండు చేతులతో హెడ్‌ఫోనును చెవులకు అదిమి పట్టుకున్నాడు. "ఇనవడ్తుంది," అన్నాడు. "గట్లనే, గా స్టూడియోల లెక్కనే ఇనవడ్తుంది." కళ్ళు తుడుచుకోవడానికి కూడా హెడ్‌ఫోను తీయలేదు. నేను లేచి వాకిట్లోకి వెళ్ళాను. నాకు ఏడుపు వచ్చింది, ఎవరి కోసమో తేల్చుకోలేకపోయాను.

తిరిగొచ్చేసరికి ఆయన నా ముఖం చదివేశాడు. "తక్కినవి?"

"లేవవు గంగారాం. ఈ కార్డులు ఇప్పుడు ఎక్కడా దొరకవు."

"కండ్లల్ల పెట్టుకున్న గదనే. ఎట్ల ఖరాబైంది?"

పోసవ్వ కూడా నా వైపే చూస్తోంది. ఆమె చేతి వేళ్ళకు దండ సర్దినప్పుడు అంటిన కుంకుమ ఉంది. "ఓడల ఉప్పుగాలి పట్టింది," అన్నాను. "సముద్రం మీద వచ్చినప్పుడే లోపల తినేసింది."

"మరి మా దిక్కెల్లి ఏం తప్పు లేదు గద?"

"లేదు. మీరు మంచిగనే చూసుకున్నరు."

గంగారాం పెద్దగా ఊపిరి వదిలాడు. ఒక్కటి పనిచేస్తోంది కదా, ఉండనియ్యి, ఇక దీన్ని అమ్మేది లేదు అన్నాడు. పోసవ్వ జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. ఎంత బాగుందో రాయాలంటే చెయ్యి రావడం లేదు. నేను తింటుండగానే ఆమె మిక్సర్ మీద చెరిగిపోయిన బొట్లన్నీ మళ్ళీ దిద్దింది. చివరి ఛానల్ దగ్గర ఆగి, బల్లను గోడ నుంచి కొంచెం ముందుకు జరిపి, దానికీ పెట్టింది. వచ్చే దసరాకు ఆ మూల కూడా చెయ్యి అందుతుంది. చెబితే ఆ ఒక్కటీ బతుకుతుంది, కానీ నేను ఆడిన అబద్ధం చస్తుంది, దానితో పాటు వాళ్ళ ఇన్నేళ్ళ పూజ కూడా. నోరు మూసుకుని రొట్టె తిన్నాను.

సాయంత్రం నేరడిగొండలో నిర్మల్ బస్సు కోసం నిలబడి ఎస్తేరక్కకు ఫోను చేశాను. దొరకలేదక్కా అని చెప్పాను. "ఫికర్ జెయ్యకు తమ్మీ. రికార్డు లేకున్నా పండుగనాడు ఎప్పటి లెక్కనే పాడుకుంటం. మాదేమున్నది?" అంది. ఆ తర్వాత మెల్లగా, "మరి నువ్వేం జేస్తవ్?" అని అడిగింది. బస్సు వచ్చిందని చెప్పి పెట్టేశాను. రాలేదు.

జలపాతం చూడటానికి వెళ్ళినవాళ్ళు ఫొటోలతో తిరిగొస్తారు. నేను ఒక్క ఫొటో తీయలేదు. తిరుగు బస్సంతా ఆలోచించింది ఒక్కటే. వాడి వాడి నా మిక్సర్ పిడుగుకు పోయింది, వాడకుండా దాచి, మొక్కి గంగారాం మిక్సర్ పోయింది. ఎటు చూసినా పోవడమే రాసిపెట్టి ఉన్నప్పుడు, ఆ ఇంట్లో దానికి కనీసం ఏటా పూలదండ దక్కింది. నా దానికి పాత గోనెసంచి కప్పాను. ఈ నెలాఖరుకు గది ఖాళీ చేస్తానని ఓనరుకు చెప్పేశాను. టిఫిన్ సెంటర్ వాళ్ళు వచ్చి గోడలకు నేను కొట్టిన స్పాంజి పీకించాలా, ఉంచాలా అని అడిగి వెళ్ళారు.

మీరు పాత మిక్సర్ కోసం ఈ దారిన వెళ్ళేవాళ్ళయితే ఒక్క మాట. ఎన్నేళ్ళది, ఎంత వాడారు అని తర్వాత అడగండి. బస్సెక్కే ముందే ఫోనులో, దసరాకు కొబ్బరికాయ కొట్టినంక నీళ్ళు ఏడ సల్లిండ్రు అని అడగండి. దానిమీదనే అని జవాబొస్తే ఇంటి దగ్గరే ఆగిపోండి. ఎందుకు అడిగారో మాత్రం వాళ్ళకు చెప్పకండి.