జీడి రెండు నోరు జారిన రోజు

ఆ రోజు నేను ఒకే ఒక్క మాటతో మూడు యుద్ధ విమానాలు కూల్చేశాను. మూడూ మావే. అందులో ఒకటి నేను నడుపుతున్నదే. శత్రువు మా వెనక చేరి ఇంకా గురి చూసుకుంటూనే ఉన్నాడు. ఈలోగా మా పని మేమే కానిచ్చేసుకున్నాం. పాపం, ఆయనకి ఒక్క తూటా ఖర్చు కాలేదు. ఆ మాటకి అక్షరాలు రెండే. బూతు కాదు. మా పలాస ప్రాంతంలో నిద్ర లేచింది మొదలు ఎవరైనా వందసార్లు అనే మాటే. తప్పు మాటది కాదు, నాది. ఇన్నేళ్ళ తర్వాత ఒప్పుకుంటున్నాను, చదివి నవ్వుకోండి.

కంగారు పడకండి, ఎవరూ చావలేదు. విమానాలు కంప్యూటర్లోవి. పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గకి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్తలో సంగతి ఇది. జీడిపిక్కలు కాల్చే పొగ తిన్నగా కిటికీలోకి వచ్చే ఒక సందులో వైకుంఠరావు మాస్టారి ఇంటర్నెట్ సెంటరు ఉండేది. ఆయన బడి మాస్టారు కాదు. వైమానిక దళంలో ఇరవై ఏళ్ళు విమానాలకి బోల్టులు బిగించి వచ్చిన మెకానిక్. ఎక్కినవాళ్ళందరినీ ఎగరేశాడు గాని తను మాత్రం ఒక్కసారీ నడపలేదు. ఆ కోరిక ఎక్కడికి పోతుంది? ఊరికొచ్చి ఎనిమిది కంప్యూటర్లు పెట్టి, అచ్చం నిజం విమానంలా మొండికేసే యుద్ధ విమానాల ఆట ఒకటి ఎక్కించాడు. మధ్యాహ్నం రెండు దాటాక సెంటరులో జనం పలచబడగానే, అప్లికేషన్లు నింపే బల్లలే మాకు రన్‌వేలు.

దేశంలో ఇలాంటి పిచ్చివాళ్ళు ఊరికి నలుగురైదుగురు ఉన్నారని, అందరూ కలిసి ఒక దళంగా ఏర్పడ్డారని, అందులో చేరాలంటే శిక్షణ, పరీక్షలు ఉంటాయని మాస్టారే కనిపెట్టాడు. మేం నలుగురం ఆయన శిష్యులం. టెక్కలిలో ఇంజనీరింగ్ చదువుతున్న నేను, సెల్‌ఫోన్లు బాగుచేసే ఢిల్లేశ్వరరావు, కంచిలి నుంచి కొబ్బరికాయల లోడుతో వచ్చే వ్యాను డ్రైవరు కూర్మారావు, సంతబొమ్మాళి వైపు సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చే దండాసి. దండాసిది చేపల వేట మీద బతికే కుటుంబం. ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ వెళ్ళి బోటు మీద పనిచేసేవాడు. మిగిలిన నాలుగు నెలలే మాతో.

నలుగురికీ ఒక దళం పేరు కావాలన్నాడు మాస్టారు.

"కోబ్రా," అన్నాను నేను వెంటనే. ముందే అనుకుని ఉంచుకున్నాను లెండి.

"పలాసలో కోబ్రాలెక్కడివిరా? జీడి," అన్నాడు మాస్టారు. "నువ్వు జీడి రెండు."

"జీడా! శత్రువులు నవ్వరా మాస్టారూ?"

"నవ్వనీ. నవ్వేవాడి గురి తప్పుతాది. పైగా రెండో విమానం ఒకటో దాన్ని జీడిపాకంలా అంటుకునుండాల. అదే నీ పని."

"మరి జీడి ఒకటి ఎవరు?" అడిగాను, నేనే అంటాడని కాలరు సర్దుకుంటూ.

"దండాసి."

నా ముఖం ఎలా అయిపోయిందో నాకు తెలీదు గాని, ఢిల్లేశ్వరరావు మాత్రం "ఏటి బావా, ఉప్పు లేని గెంజి తాగినట్టు అయిపోనావు?" అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకు మండింది. నాలుగు వందల పేజీల ఇంగ్లీషు మాన్యువల్ బట్టీ పట్టినవాణ్ణి నేను. ఏ మీటరు ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. దండాసికి ఆ మాన్యువల్లో అట్ట మీది బొమ్మ తప్ప ఇంకేమీ అర్థం కాదు. కానీ చూపు చూడాలి! తెర మీద చీమ తలకాయంత చుక్క కనబడితే "అది మన మీదకొత్తంది, ఇది పక్కకెల్లిపోతంది" అని చెప్పేసేవాడు. ఎలా తెలుసురా అంటే, "తెరసాపెత్తిన పడవ దూరాన ఎటు తిరిగిందో సూత్తే తెలీదేటి? ఇదీ అంతే," అనేవాడు. విమానం దింపితే అల తలమీద నుంచి పడవని ఇసకలోకి జార్చినట్టే ఉండేది. నేను దింపితే మేడ మీద నుంచి సందూకు పెట్టె పడేసినట్టుండేది. మాన్యువల్ చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టు, నా బుర్రలో అక్షరాలకి తప్ప ఆకాశానికి చోటు లేదు.

మాస్టారి శిక్షణ గురించి చెప్పకపోతే పాపం. కంప్యూటరు ముందు కూచోబెట్టడానికి ముందు నెల్లాళ్ళు మమ్మల్ని సైకిళ్ళ మీద నడిపించాడు. ముందు దండాసి, కుడివెనక నేను, ఎడమవెనక ఢిల్లేశ్వరరావు, అతని వెనక కూర్మారావు. మాస్టారు స్కూటరు మీద వెనక నుంచి శత్రువులా వచ్చేవాడు. ఆయన్ని ముందు చూసినవాడు, ఆయన ఎవరి వెనక ఉన్నాడో వాళ్ళ నంబరు పిలిచి చెప్పాలి. "జీడి మూడు, ఎడమ!" అంటే ఢిల్లేశ్వరరావు ఒక్కడే తిరగాలి.

సోంపేట రోడ్డు మీద మేం అలా పోతుంటే ముంజెలమ్మే ముసలమ్మ లేచి నిలబడి చూసేది. "ఏటర్రా ఈళ్ళు, ఊరేగింపా, పిచ్చా?"

"శిక్షణ అమ్మా," అనేవాడు మాస్టారు స్కూటరాపి, సెల్యూట్ కొట్టేంత గంభీరంగా.

ఈ శిక్షణలో నేను చేసిన దొంగపని ఒకటుంది. అందరూ నంబర్లతో పిలుస్తుంటే నేను "బావా" అనేవాణ్ణి. మా దగ్గర ఈడువాళ్ళందరూ బావలే, చుట్టరికం అక్కర్లేదు. మాస్టారు తిడితే "అలవాటు మాస్టారూ, నోటికొచ్చేస్తంది" అనేవాణ్ణి. అబద్ధం. ఢిల్లేశ్వరరావుని జీడి మూడనడానికీ, కూర్మారావుని జీడి నాలుగనడానికీ నాకు నోరు నొప్పెట్టలేదు. దండాసిని జీడి ఒకటి అనాలంటేనే గొంతులో ముల్లు. ఆ మాటంటే వాడు నా నాయకుడని ఒప్పుకున్నట్టే. "బావా" అంటే ఏ గొడవా లేదు, ఇద్దరం సమానం. ఒక్కణ్ణే బావా అంటే బయటపడిపోతానని అందర్నీ అనడం మొదలెట్టాను. అలా అలా అదే నిజంగా అలవాటైపోయింది.

మీకిప్పుడు అర్థమై ఉంటుంది, ఆ రెండక్షరాలు ఏవో.

దండాసికి నాయకుడి పరీక్ష వచ్చింది. నియమం ఒక్కటే: తీసుకెళ్ళిన నాలుగు విమానాలూ తిరిగి తేవాలి. విశాఖ నుంచి పరీక్షాధికారి నెట్‌లో శత్రువుగా వస్తాడు. ఆయన కేరళాయన. విశాఖకి వచ్చి రెండేళ్ళయింది. తెలుగు నేర్చుకున్నాడు గాని మా ప్రాంతపు తెలుగు ఇంకా ఆయన దాకా వెళ్ళలేదు. ఆరు రోజుల్లో దండాసి గుజరాత్ బండి ఎక్కాలి. ఇప్పుడు పాసైతే దళంలో నాయకుడి స్థానం వాడిది. లేకపోతే ఆ స్థానం వేరే ఊరివాళ్ళకి వెళ్ళిపోతుంది. ఒక ఒడ్డు పల్లె కుర్రాడు, పైలట్లూ ఇంజనీర్లూ ఉన్న దళానికి నాయకుల్లో ఒకడు కావడమంటే మాటలు కాదు. మాస్టారు ఆ రోజు ఉతికిన చొక్కా తొడుక్కొచ్చాడు. దండాసి వాళ్ళమ్మ గున్నమ్మ ఎండు చేపల సంచితో సహా వచ్చి స్టూలు మీద కూచుంది. "మా ఓడు ఎగురుతాడంట, సూత్తాను," అంది.

ఎగిరాం. సముద్రం మీద నాలుగు విమానాలు దండలో పువ్వుల్లా పోతున్నాయి. దండాసి గొంతు హెడ్‌ఫోన్లో చల్లగా వినబడుతోంది. "మేఘం పక్కన సూసుకోండి. అక్కడ నీడ బాగోలేదు."

వాడన్నట్టే ఆ నీడలోంచి శత్రువు జారాడు. తిన్నగా కూర్మారావు వెనక్కి. ముందు చూసింది నేనే. గర్వంతో గుండె ఉబ్బిపోయింది. నాలుగు వందల పేజీలూ కళ్ళ ముందు తిరిగాయి. నోరు తెరిచాను. వచ్చింది ఇదీ:

"బావా! నీ ఎనక! ఎడమకి తిప్పు, తిప్పీ బావా!"

పిలిస్తే పలికే దేవుళ్ళు ఎక్కడున్నారో తెలీదు గాని, పిలిస్తే పలికే బావలు మాత్రం మా సెంటరు నిండా ఉన్నారు. ఢిల్లేశ్వరరావు ఎడమకి తిప్పాడు. కూర్మారావు తిప్పాడు. దండాసి తిప్పాడు. నేను కూడా తిప్పాను; నేనూ ఒకడికి బావనే కదా. మూడో కంప్యూటరు దగ్గర డిగ్రీ ఫలితాలు చూసుకుంటున్న ఒకాయన కుర్చీతో సహా వెనక్కి తిరిగాడు. వీధిలో ఆటో ఆపి ఒకడు గుమ్మంలోకి తల పెట్టి, "ఏటి బావా, పిలిసావా?" అన్నాడు.

నా రెక్క ఢిల్లేశ్వరరావు తోకలో దిగింది. ఇద్దరం దీపావళి చిచ్చుబుడ్డిలా అయిపోయాం. వ్యాను స్టీరింగు తిప్పినట్టు తిప్పిన కూర్మారావు గిరగిరా తిరుగుతూ సముద్రంలో పడ్డాడు. ఒక్క దండాసి మాత్రం నీళ్ళకి అంగుళం పైన విమానాన్ని ఎలా నిలబెట్టాడో, ఆ కేరళాయన్ని ఎలా తప్పించుకున్నాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఒంటరిగా తిరిగొచ్చి, పువ్వు పెట్టినంత మెత్తగా దింపాడు. దింపి, హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

స్పీకర్లో పరీక్షాధికారి గొంతు వినబడింది. "దండాసి గారూ, మీ ఫ్లయింగ్ చాలా బాగుంది. కానీ మూడు విమానాలు పోయాయి. పాస్ చేయలేను. ఇంకో విషయం. ఈ బావా అనే పైలట్ ఎవరు? నా లిస్టులో నలుగురే ఉన్నారు."

సెంటరులో అందరూ నావైపు చూశారు. ఆటో అతనితో సహా.

గున్నమ్మ లేచి సంచి సర్దుకుంది. "అయిపోనాదా? మా ఓడు దిగీసినాడు కదా, మరేటి తప్పు?"

"తప్పు నాది పిన్నీ," అన్నాను. అంతసేపటికి నాకు మాట సరిగ్గా వచ్చింది. మైకు దగ్గరికెళ్ళి పరీక్షాధికారికీ అదే చెప్పాను. నంబరు తెలీక కాదని, నంబరు పిలవడానికి మనసొప్పకనే అలా అలవాటు చేసుకున్నానని చెప్పాను. నా చెవులు జీడిపిక్కల బట్టీలా కాలుతున్నాయి.

ఆయన అంతా విన్నాడు. తర్వాత, "మీ మనిషి నోరు కూడా లీడర్ బాధ్యతే," అన్నాడు.

"అవును సార్," అన్నది నేను కాదు, దండాసి. "తెడ్డు ఒదిలీసినోడు ఎవడైనా, ములిగింది నా పడవే. ఇంకొక్కసారి సూడండి. ఈ ముగ్గురితోనే."

"వేరే నంబర్ టూని తీసుకోవచ్చు."

"ఒద్దు సార్. ఈడే."

దెబ్బలు తిన్నా ఇంత నొప్పి ఉండదు. ఐదో రోజున మళ్ళీ పరీక్ష పెడతానన్నాడాయన.

ఆ ఐదు రోజులకీ మాస్టారు నాకు శిక్ష వేశాడు: నోట్లోంచి "బావా" రాకూడదు. ఏ మనిషినైనా పేరుతోనో నంబరుతోనో పిలవాలి. టీ కొట్టువాణ్ణి "త్రినాథరావు గారూ, టీ ఒకటి" అంటే భయపడి ముందే ఇచ్చేశాడు. కూర్మారావుని నడిరోడ్డు మీద "జీడి నాలుగూ!" అని పిలిస్తే లోడు దింపుతున్న కూలీలంతా నవ్వారు. అక్కడితో ఆగినా బాగుండేది. మూడోరోజు సోంపేట నుంచి మా అక్కని పెళ్ళి చేసుకున్న అసలు సిసలు బావ మా ఇంటికొచ్చాడు. గుమ్మంలో ఎదురై, "రండి వెంకటరమణ గారూ, కూర్చోండి," అన్నాను.

ఆయన కూర్చోలేదు. చెప్పులు కూడా విప్పలేదు. "అంత పరాయోణ్ణైపోనానా?" అని అటునుంచటే బస్టాండుకి వెళ్ళిపోయాడు. మా అమ్మ నన్ను చేటతో కొట్టింది. కారణం చెప్తే ఇంకో రెండు కొట్టింది.

ఐదో రోజు వచ్చింది. అదే సముద్రం, అదే కేరళాయన. ఈసారి ఆయన వచ్చింది కూర్మారావు వెనక్కి కాదు, సూర్యుడిలోంచి తిన్నగా దండాసి వెనక్కి. చూసింది మళ్ళీ నేనే. గొంతులో ఆ ముల్లు ఒక్క క్షణం కదిలింది.

"జీడి ఒకటి! కుడి!"

దండాసి ఒక్కడే తిరిగాడు. మేం ముగ్గురం చెక్కు చెదరలేదు. కేరళాయన మా మధ్యలోంచి ఉత్తచేతులతో దూసుకుపోయాడు. మళ్ళీ మా మీదకి తిరిగేలోగా ఆయన వెనక దండాసి ఉన్నాడు. తర్వాత వరసగా దిగాం: ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాది ఆ రోజు కూడా సందూకే, కానీ పగల్లేదు. పరీక్షాధికారి "పాస్" అన్నాక మాస్టారు కిటికీ వైపు తిరిగి, జీడి పొగ కళ్ళలో పడిందని చాలాసేపు తుడుచుకున్నాడు. ఆ రోజు బట్టీ మూసేసి ఉంది.

మర్నాడు దండాసిని బండెక్కించి, అటునుంచటే సోంపేట బస్సెక్కాను. మా అక్క ఇంటి గుమ్మంలో నిలబడ్డాను. లోపల్నుంచి వెంకటరమణ బావ, "ఎవరండీ తమరు?" అన్నాడు.

"బావా," అన్నాను.

"ఇనపళ్ళేదు."

"బావా."

"మల్లీ."

తొమ్మిదోసారికి అక్క మంచినీళ్ళ చెంబు తెచ్చి, "సాల్లెండి, ఈడి గొంతెండిపోతంది," అంది. పదోది కూడా అనిపించుకునే చెంబందించాడు ఆయన.

ఆ నీళ్ళు చేతిలో పోసుకుని అక్కడే శపథం చేశాను. ఇది చదువుతున్న మీరందరూ సాక్షులు: నేలకి అడుగు పైన ఉన్న ఏ మనిషినీ నేను బావా అని పిలవను. నేల మీద ఉన్న మా బావని ఇంకేమని పిలవను. ఆయన ఎప్పుడైనా విమానం ఎక్కితే ఏం చెయ్యాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు. అందుకే ఇప్పటికీ ఎక్కడికెళ్ళాలన్నా ఆయనకి రైలు టిక్కెట్టే కొనిస్తున్నాను.