పల్లం లెక్క

పల్లం వీధిలో రంగుల తాత అంటే తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందా అని కూతురు ఏడిపించేది. మీసం మొలిచీ మొలవకముందే అద్దకం మిల్లులో చేరి, అది నెరిసేదాకా రంగు తొట్ల పక్కనే నిలబడ్డ మనిషి. పని మానేసి ఏళ్ళయినా గోళ్ళ మొదళ్ళలో నీలం వదల్లేదు. నలుగురు చేరితే చాలు, ఆయన చెప్పే జోకు ఒకటే. "మా రోజుల్లో ఏ తొట్టి దగ్గర నిలబడితే ఆ రంగే ఉచ్చ పోసేవాళ్ళం. సోమవారం పచ్చ, మంగళవారం నీలం!" అందరూ కడుపు పట్టుకుని నవ్వేవారు. కూతురూ నవ్వేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

ఒకరోజు ఆయన స్నానాలగదిలోంచి వచ్చి, "ఇవాళ నాకు ఎర్రతొట్టి డ్యూటీ పడినట్టుందే" అన్నాడు. మనిషి ముఖం మాత్రం పాలిపోయి ఉంది.

కూతురిది మెరకమీద చిన్న కుట్టుపని దుకాణం. ఆ ఊరంతా మెరకా పల్లమే. మిల్లూ, కాలవా, పనివాళ్ళ ఇళ్ళూ పల్లంలో. పెద్దాసుపత్రీ, కాస్త నిలదొక్కుకున్న పిల్లలు కట్టుకున్న ఇళ్ళూ మెరకమీద. ఆసుపత్రిలో డాక్టరు చెప్పిన మాట ఆమె ఎవరి దగ్గరా అనలేదు. అడిగినవాళ్ళకు "ఏదో లోపలి పుండు" అని చెప్పేది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని తల్లి నేర్పిన తెలివి అది. మిల్లులో గుడ్డలు జాడించిన ఆ తల్లి కూడా అదే జబ్బుతో, మెరకమీద ఈ కూతురింట్లోనే పోయింది. అప్పుడూ ఆ మాట ఎవరూ పలకలేదు.

ఆ రోజుల్లోనే ఆరోగ్యశాఖ డాక్టరమ్మ ఒకావిడ వచ్చి, మిల్లు పాత క్యాంటీను గోడకు ఊరి పటం తగిలించింది. అరవై దాటినవాళ్ళలో కేన్సరు చావులు ఏ పేటలో ఎక్కువో, ఏ పేటలో తక్కువో పోల్చి రంగులు వేశారు. మెరక ఎర్రగా ఉంది. పల్లం లేత పసుపు. "ఒక విధంగా మీరు అదృష్టవంతులు" అందావిడ. జనం చప్పట్లు కొట్టారు. ముందుగా జబ్బు పట్టుకునే పరీక్షల కేంద్రం ఎరుపున్న చోటే పెడతారట. దానికీ కొట్టారు. మనవాళ్ళు ఒకసారి మొదలుపెడితే ఆపరు కదా.

రంగుల తాత చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి. "చావుల్ని పేటలకు ఎట్లా పంచుతారమ్మా?" అని అడిగాడు.

డాక్టరమ్మ పాపం ఏమీ దాచలేదు. "ఎక్కడ పోతే ఆ పేట లెక్కలోకి వస్తారు పెద్దాయనా. ఆ పద్ధతి మార్చమని మేమూ అడుగుతూనే ఉన్నాం."

తిరిగి వస్తూ కాలవ గట్టు మీద ఆయన ఆగాడు.

"బాయిలరు బావ ఎక్కడ పోయాడే?"

"వాళ్ళబ్బాయింట్లో. మెరకమీద."

"మా తొట్ల మేస్త్రీ?"

"పెద్దాసుపత్రిలో."

"మీ అమ్మ?"

ఆమె తల తిప్పి మెరకవైపు చూసింది.

"బతికినన్నాళ్ళూ పల్లంలో బతికి, చావడానికి మాత్రం అందరం మెరకెక్కాం. ఆ ఎరుపంతా మన రంగేనే, అమ్మడూ." ఆయన వీధివైపు చెయ్యి చూపించాడు. "తొట్ల దగ్గర పనిచేసినవాళ్ళు వీధిలో ఇంకా బోలెడుమంది ఉన్నారు. వాళ్ళకైనా ముందే పరీక్ష జరగద్దూ? నేను ఇక్కడే పోతాను. మాటివ్వు."

"నీకేమైనా మతిపోయిందా నాన్నా? నొప్పి ముదిరితే ఇక్కడ సూది వేసే దిక్కు కూడా లేదు."

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. దేవుడొక్కడికి తెలిస్తే చాలదే. ఆ పటం వేసేవాళ్ళకీ తెలియాలి."

మొండివాడు రాజుకంటే బలవంతుడు. ఆమె మాటిచ్చింది. దుకాణానికి తాళం వేసి, కుట్టుమిషను పల్లంలోకి దింపించి, తండ్రి మంచం పక్కన వేసుకుంది. మొదట్లో ఆయన పరాచికాలాడేవాడు. మిషను చప్పుడు వింటుంటే మిల్లులో నిద్రపోతున్నట్టుందనేవాడు. తర్వాత పరాచికాలు పోయాయి, మూలుగు మిగిలింది. మాత్రలు పనిచేయడం మానేశాయి. దిండు అంచు నోట్లో కుక్కుకుని కొరికేవాడు, వీధిలోకి వినబడకూడదని. ఆ దిండుగలీబులు ఆమె కుట్టినవే. చిరిగినప్పుడల్లా మళ్ళీ కుట్టింది.

ఒక మధ్యాహ్నం ఆయన నీళ్ళు కూడా మింగలేక, కూతురి ముఖం చూస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె గుండె ఇక నిలవలేదు. మాట గంగలో కలిస్తే కలిసింది, ఒక్క సూది పడితే చాలనుకుంది. టాక్సీ పిలిచి, పక్కింటివాళ్ళ సాయంతో పడుకోబెట్టి, తల ఒళ్ళో పెట్టుకుంది.

బండి ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది. ఆయన కళ్ళు తెరిచాడు.

"ఎక్కడికే?"

"ఇంటికే నాన్నా."

నమ్మాడో లేదో తెలియదు. నీలం గోళ్ళ చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది. ఎత్తు సగం ఎక్కేసరికి ఆ పట్టు వదులైంది. ఆసుపత్రి గేటు పైన కనబడుతూనే ఉంది.

డ్రైవరు అద్దంలో చూసి విషయం గ్రహించాడు. "ఏం చేయమంటారమ్మా?"

"వెనక్కి తిప్పు బాబూ" అంది ఆమె.

చావులు నమోదు చేసే ఆఫీసులో కిటికీ వెనక గుమాస్తా కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగాడు. "ఎక్కడ పోయారమ్మా?"

"ఇంట్లో. పల్లం వీధి."

"వయసు పెద్దదే. పెద్దవయసు అని వేసేయనా? ఇంట్లో పోయిన ముసలివాళ్ళకు అందరూ అదే రాయిస్తారు."

ఆమె ఉలిక్కిపడింది. మెరకెక్కినవాళ్ళే కాదు, వీధిలో ఉండిపోయినవాళ్ళూ ఇలాగే లెక్కకు రాకుండా పోయారన్నమాట. అంత నొప్పీ పడి తండ్రి ఉండిపోయింది ఈ రెండు మాటల కిందకి చేరడానికా!

"కాదండీ."

"మరి?"

"కేన్సరు."

"కాస్త గట్టిగా చెప్పమ్మా, వినబడలేదు."

"కేన్సరు!" వెనక నిలబడ్డవాళ్ళు మాటలాపేశారు. ఆమె ఏడుస్తోంది, అయినా ఆపలేదు. "మా నాన్నది కేన్సరు. మా అమ్మదీ కేన్సరే. ఇదిగో డాక్టరు కాగితం. రాయండి."

గుమాస్తా తలదించుకుని రాశాడు. కాసేపటికి, "ప్రాణం పోయింది ఇంట్లోనేగా?" అని మరోసారి అడిగాడు, మెత్తగా.

"ఇంట్లోనే" అంది ఆమె. ఎత్తు ఎక్కుతూ తండ్రికి చెప్పింది కూడా ఈ అబద్ధమే.