గుడ్వేగ్ రొట్టెల మధ్య కాగితం

జాలరి ఒడ్వార్ పడవలో చేపల లెక్క రాసి పంపే మిషన్ ముసలిదైపోవడం వల్లే ఆ వారం అంత రచ్చ అయిందని స్వోల్వార్ రేవులో ఇప్పటికీ అంటుంటారు. శుద్ధ అబద్ధం. ఆ మిషన్ నిక్షేపంలా ఉంది. తప్పు గుడ్వేగ్‌ది. ఎవరడిగినా ఆవిడే చెబుతుంది, దాచుకోదు.

రేవు గట్టు మీద మేడగదిలో కూర్చుని గుడ్వేగ్ ఇరవై రెండేళ్లుగా ఒకే ప్రోగ్రామ్‌ను సాకుతోంది. ఏ చేప ఎంత పడిందో ప్రతి పడవా ముందే ఎక్స్‌ఎంఎల్‌లో రాసి పంపాలి. అంటే ప్రతి వివరానికీ ముందూ వెనకా అదేమిటో గుర్తు తగిలించి రాయడమన్నమాట. ఆ రాతను చదివి విడదీసిపెట్టే పనిముట్టు పార్సర్. అది అందించినదాన్ని చూసి గుడ్వేగ్ ప్రోగ్రామ్ సరేనంటేనే చేప గట్టెక్కేది.

మార్చి నెల, కాడ్ చేప జోరు మీదుంది. సోమవారం రేవులో కంప్యూటర్లు మార్చారు. కొత్తవాటిలో పార్సర్ వేరే. ఇంకేముంది, గుడ్వేగ్ ప్రోగ్రామ్ ఒడ్వార్‌దితో కలిపి పన్నెండు చిన్న పడవల రాతల్ని "పడవ పేరు లేదు" అంటూ తిప్పికొట్టింది. పెద్ద పడవలవి సాఫీగా పోయాయి.

"శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాకా ఆగుతా గుడ్వేగ్. ఆపైన చిన్న పడవలు వేరే రేవు చూసుకోవాల్సిందే" అంది రేవు పెత్తనం చూసే సున్నీవా. ఒడ్వార్ పడవకి పక్క రేవంటే సగం రోజు ప్రయాణం. సీజనంతా అలా తిరిగితే వేటకి పొద్దెక్కడిది?

శుక్రవారం పదకొండింటికి ఒడ్వార్ రొట్టెల పొట్లంతో మెట్లెక్కి వచ్చాడు.

"ఏంటమ్మా, కాఫీతోనే బతికేస్తున్నావా?"

"నీ పడవ పేరు వెతుకుతున్నా."

"దాని మూతి మీద ఇంతేసి అక్షరాలతో రాసుంది కదా! కిటికీలోంచి చూడు" అంటూ పొట్లం విప్పాడు. "పైనుంచి రెండోది గోధుమరంగు జున్నుది. నీకే."

గుడ్వేగ్ తెర మీంచి చూపు తిప్పకుండానే పై ముక్క ఎత్తి, దాని కిందున్నది లాగి నోటి దాకా తెచ్చింది. అది ముక్కలు అంటుకోకుండా మధ్యలో వేసే పల్చటి కాగితం.

"కాగితం కూడా తినేస్తావా ఏం?" ఒడ్వార్ పకపకా నవ్వాడు. "దాన్నెవరైనా లెక్కపెడతారా?"

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "లెక్కపెట్టేవాళ్లున్నారు ఒడ్వార్! దొరికింది!"

చిన్న పడవల మిషన్లు వివరానికో వరుస చొప్పున రాస్తాయి. వరుసకీ వరుసకీ మధ్య ఖాళీ ఉంటుంది. పాత పార్సర్ ఆ ఖాళీని కాగితంలా తీసి పారేసేది. కొత్తది దాన్నీ ఒకటిగా లెక్కేసి అందిస్తోంది. గుడ్వేగ్ ఎప్పుడో పడుచుతనంలో "పడవ అనే గుర్తు కింద మొదటున్నదే పేరు" అని రాసేసింది. ఇప్పుడు మొదటున్నది ఖాళీ. పెద్ద పడవలు ఖాళీ లేకుండా ఏకబిగిన రాస్తాయి కాబట్టి గట్టెక్కాయి.

"ఎన్నోదని అడగడం నాదే బుద్ధి తక్కువ" అని గొణుక్కుంటూ, పేరు ఎక్కడున్నా పేరనే గుర్తు చూసి తీసుకునేలా పదకొండు చోట్ల మార్చింది. పాత పార్సర్‌తో చూసింది, కొత్తదానితో చూసింది, ఊళ్లో ఎవరూ వాడని మూడోదాన్ని కూడా తెచ్చి చూసింది.

పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా సున్నీవా వచ్చేసరికి ఒడ్వార్ చేప గట్టెక్కుతోంది.

"మూడోదానితో పనేంటి?" అంది సున్నీవా తెర చూసి.

"రేపు మళ్లీ మారుస్తావుగా!"

ఇప్పుడావిడ నాలుగోదీ ఐదోదీ ముందేసుకుని కూర్చుంది. పని మొదలెడితే తిండి ధ్యాసుండదు. మీరెవరైనా అటుగా వెళ్తే ఓసారి మేడెక్కి, పొట్లం విప్పి చూడండి. కాగితాలు కాదు, రొట్టెలు తిందో లేదో.