పటేలు కంటే ముందు కుక్క తిన్న కూర

1948 వేసవి. ఇబ్రహీంపట్నంలో మా మామగారు పశువులకు నాటువైద్యం చేసేవారు. ఆయన పోయాక ఆ పని నా చేతికొచ్చింది. ఎక్కువగా ఎడ్లు, బర్రెలు, మేకలు. కుక్క కోసం కబురు రావడం అరుదు. ఆ ఏడు యాచారం దారిలోని ఒక ఊరి పటేలు ఇంటి నుంచి వచ్చింది.

ఆ పటేలు నిజాం తరఫున ఊళ్ల మీద పడే రజాకార్లకు బియ్యం పంపుతాడని ఊరంతటికీ తెలుసు. నిజాం మీద తిరగబడ్డ సంఘం వాళ్లు తనకు విషం పెట్టిస్తారని ఆయన భయం. అందుకని వండిన ప్రతి కూరనూ ముందు తన కుక్క షేరుకు పెట్టించేవాడు. అంత పెద్ద కుక్కకు ఓ ముద్ద పెడితే విషం బయటపడదని ఒక మనిషి తినేంత పెట్టించేవాడు. అది తిన్నాక చుట్ట ముట్టించి, చుట్ట అయిపోయేదాకా కుక్క బాగానే ఉంటే అప్పుడు కంచం ముందు కూర్చునేవాడు.

నేను వెళ్లేసరికి షేరు లేవలేకుండా ఉంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. మూత్రం ఎర్రమట్టి కలిపిన నీళ్లలా ఉంది. వంటింటి గడప దగ్గర వంటమనిషి సాయమ్మను చేతులు కట్టి కూర్చోబెట్టారు. ఆమె తమ్ముడు సంఘంలో కలిశాడు.

"ఇది సన్నసన్నగ విషం పెడుతున్నది. నాక్కూడ తల తిరుగుతున్నది" అన్నాడు పటేలు.

"కుండల మిగిలింది నేనే తింటున్న గద పటేలా! విషం కలిపితే నేను సావనా?" అంది సాయమ్మ.

"నీకు విరుగుడు తెల్సుంటది. నోర్మూయ్."

కూరలో ఏమేం వేస్తుందో సాయమ్మను అడిగాను.

"రోజూ మాంసమే. ఉల్లిగడ్డ దండిగ ఎయ్యకుంటె పటేలు ముట్టడు."

ఉల్లిగడ్డ పచ్చిదైనా, ఉడికినదైనా కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడుతుంది. వెల్లుల్లిదీ అదే గుణం. తినగానే ఏమీ తెలియదు, కొన్నాళ్లకు కుక్క పడిపోతుంది. దీన్ని డాక్టర్లు ఎనీమియా అంటారు, అంటే రక్తం తగ్గిపోవడం. ఆ మాట నేను తర్వాత నేర్చుకున్నాను. కానీ పెళ్లి విందుల తర్వాత ఎంగిలాకులు నాకి జబ్బుపడిన కుక్కలను చూసి మా మామగారు ఉల్లిగడ్డ సంగతి ఎప్పుడో పట్టుకున్నారు.

పటేలుతో అదే చెప్పాను.

"ఉల్లిగడ్డ విషమా? నేను పుట్టినకాన్నుంచి తింటున్న!"

"మనిషికి కాదు పటేలా, కుక్కకు. దానికి ఉల్లిగడ్డ బందు చెయ్యుండ్రి, చాలు. వంట మాత్రం సాయమ్మతోనే చేపియ్యుండ్రి. మనిషిని గూడ మారిస్తే ఏది నిజమో తెల్వది."

ఆయన రెండూ చేశాడు. ఉల్లిగడ్డ మానిపించాడు, సాయమ్మనూ మార్చాడు.

మళ్లీ చూడడానికి వెళ్లినప్పుడు షేరు వాకిట్లో నిలబడి నా మీద మొరిగింది. చిగుళ్లకు రంగు వచ్చింది.

"చూసినవా? వంటామె మారింది, కుక్క లేచింది" అన్నాడు పటేలు.

"ఉల్లిగడ్డ ఆపినందుకు లేచింది పటేలా. సాయమ్మ ఏది?"

"రజాకార్ల క్యాంపుకు తోలిచ్చిన."

"తప్పు పటేలా. నా మాట మీద నమ్మకం లేకుంటె ఇప్పుడున్న వంటామెతోనే మళ్లా ఉల్లిగడ్డ కూర వండించి నాలుగు దినాలు షేరుకు పెట్టుండ్రి. మళ్లా పడిపోతే సాయమ్మ తప్పు లేనట్టే. ఎంటనే మనిషిని పంపి ఇడిపియ్యుండ్రి."

"నా కుక్కను సంపుమంటవా?" అన్నాడు.

సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి భారత సైన్యం వచ్చింది. క్యాంపు ఖాళీ అయింది. పటేలు షేరును తీసుకుని పట్నం వెళ్లిపోయాడు. సాయమ్మ తిరిగి రాలేదు. ఆ చలికాలంలో ఆమె తల్లి ఒక మేకను తోలుకుని నా దగ్గరికి వచ్చింది. మేక కాలి పుండుకు నేను కట్టు కడుతుంటే అడిగింది.

"నా బిడ్డ విషం పెట్టిందా?"

"పెట్టలే అవ్వా."

"ఆ మాట పటేలుకు చెప్పినవా?"

"చెప్పిన."

"మరెందుకినలే?"

నేను కట్టుకు ముడి వేశాను. ఆమె మేకను తోలుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఈ పని చేశాను. రోగం కనిపెట్టడం సగం పనేనని ఈ కేసుతో తెలిసింది. పశువు పడిపోయిందని పిలిస్తే మేత గురించి అడగడానికి ముందే, ఈ ఇంట్లో ఎవరి మీద అనుమానం ఉందని అడుగుతాను. ఆ మనిషిని పని నుంచి తీయబోమని ఇంటివాళ్లు నలుగురి ముందు ఒప్పుకున్నాకే మందు సంచీ విప్పుతాను.