మెడ లేని రోజాలు

ఆ రోజుల్లో నాకు లోకంలో ఇద్దరే శత్రువులు. ఒకరు మూకండపల్లిలో మా రూము ఓనరమ్మ, ఇంకొకటి కంపైలరు. (మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలరు. తప్పుంటే ముందే పట్టుకుని వాకిట్లోనే నిలబెడుతుంది. ఓనరమ్మ కూడా అంతే, చెప్పులు విప్పందే మెట్టు ఎక్కనిచ్చేది కాదు.) తప్పు నాదైనా కోపం మాత్రం వాళ్ళ మీదే వచ్చేది. ఇరవై రెండేళ్ళ వయసులో అదొక సుఖం.

మా చిన్న షెడ్డులో రోజాల కాడలను ఒకే పొడవుకు కత్తిరించే యంత్రం తయారుచేసేవాళ్ళం. దానికి ప్రోగ్రాం రాసింది డెంకణికోట నుంచి రోజూ బస్సులో వచ్చే సీనియరు. అందరం ఆమెను అక్క అనేవాళ్ళం. కత్తికి పొడవు చెప్పే చోట అక్క ఒక కాపలా లైను పెట్టింది. అక్కడికి వచ్చే సంఖ్య ఏ రకమో, పూర్ణసంఖ్య రకమా, చుక్క పెట్టి రాసే దశాంశాల రకమా అని కంపైలరు దగ్గరే అది తనిఖీ చేస్తుంది. చుక్క రకమైతే ప్రోగ్రామే తయారు కాదు. ఎందుకంటే కత్తికి తెలిసింది మిల్లీమీటర్లు, మా వైపు రోజాలు పెంచేవాళ్ళు మాట్లాడేది సెంటీమీటర్లు, అదీ అరలతో సహా. చుక్క కనబడిందంటే ఎవడో సెంటీమీటర్లలో ఆలోచిస్తున్నాడని అక్క లెక్క. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు, తెలుసుకోవాలని అనిపించనూ లేదు.

అది నా ప్రొబేషను చివరి రోజు. మూడింటికి యంత్రం చూడడానికి ఉద్దనపల్లి నుంచి రోజాల మామ వస్తున్నాడు. (అక్కకు దూరపు చుట్టం, మాకందరికీ మామే.) ఆయనకు నచ్చితే మొదటి యంత్రం అమ్ముడుపోతుంది, నీ ఉద్యోగం నిలుస్తుంది అని యజమాని ముఖం మీదే చెప్పాడు. రెండున్నరకు మామ ఫోను చేసి, "అప్పా, నాకి అరవైన్నర కావల్ల, మర్చిపోవద్దు" అన్నాడు. 60.5 అని కొట్టాను. తెర మీద ఎర్రక్షరాలు. మళ్ళీ కొట్టాను, మళ్ళీ ఎర్రక్షరాలే. ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది, చదివే ఓపిక ఎవరికి? అక్క సామాన్లకని కృష్ణగిరి పోయింది, ఫోను తీయడం లేదు. బయట మామ బండి ఆగిన చప్పుడు. ఎర్రక్షరాలు చూపిస్తున్న ఆ కాపలా లైను ముందు రెండు గీతలు పెట్టేశాను. అలా పెడితే కంపైలరుకు ఆ లైను కనబడదు. ఈసారి కిక్కురుమనలేదు. గెలిచానని మీసం మీద చెయ్యి వేసుకున్నాను. (మీసం అప్పటికి సరిగా రాలేదు.)

మామ తెల్లారి కోసిన ఇరవై కాడలను చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు బెల్టు మీద పరిచాడు. యజమాని బటను నొక్కాడు. సరిగ్గా అప్పుడే అక్క సంచితో లోపలికి వచ్చి, అలవాటు ప్రకారం ముందు తెర చూసింది. తన లైను ముందు రెండు గీతలు కనబడ్డాయి.

"ఆపప్పా! ఆపు!"

యంత్రాన్ని ఆపే ఎర్ర బటను నాకు ఆరడుగుల దూరం. పరుగెత్తాను. కత్తి నాకంటే ముందు దిగింది. కత్తి తీసుకునేది పూర్ణసంఖ్యే కాబట్టి అరవైన్నరలో అర ఎగిరిపోయింది, మిగిలిన అరవై మిల్లీమీటర్లయింది. పొడుగాటి కాడలన్నీ ఒక పక్క, ఇరవై పూల తలకాయలు ఇంకో పక్క పడ్డాయి. మామ ఒకదాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఏమప్పా ఇది? దీనికి మెడే లేదే?"

యజమాని అక్క వైపు తిరిగాడు. "ఏమ్మా, ఇది నువ్వు రాసిన ప్రోగ్రామే కదా?"

అక్క నా వైపు చూసింది. నిజం చెబుతున్నాను, ప్రోగ్రాములోనే తప్పుందని అనేద్దామనే అనుకున్నాను. తిట్లు అక్కకు పడతాయి, ఉద్యోగం నాకు మిగులుతుంది. కానీ ఆమె చూపు ముందు నా నోరు నా మాట వినలేదు.

"అక్క పెట్టిన కాపలా లైను నేనే తీసేసినాను సార్. ఊరికే అరస్తా ఉంటే విసుగొచ్చింది."

"కుక్క అరుస్తాదని దాని నోరు కట్టేసినావా?" అన్నాడు మామ. "దొంగ యాడుండాడో చూడల్ల కదప్పా?"

"లోపలే ఉన్నాడు మామా" అన్నాను తల వంచుకుని.

మామ పకపకా నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. "సరే, దాని నోరు విప్పు. బండిలో ఇంకో కట్ట ఉండాది, ఈడనే కూచుంటాను" అన్నాడు. గీతలు తీసి 605 కొట్టాను. కత్తి దిగినంతసేపూ ఎర్ర బటను పక్కనే నిలబడ్డాను. ఈసారి కాడలన్నీ అరవైన్నరకు వచ్చాయి. మామ యంత్రం కొన్నాడు. నా ప్రొబేషను ఇంకో మూడు నెలలు పొడిగించారు, అదీ అక్క అడిగినందుకు. సాయంత్రం బస్సుకు పోయేముందు అక్క నన్ను పిలిచి, "నా ఇంగ్లీషు నువ్వు చదవలేదు కదా, ఆ కాపలా లైను ఆపినప్పుడు తెర మీద ఏం చెప్పల్లో నువ్వే రాయి" అంది. తెలుగులోనే రాశాను: "మిల్లీమీటర్లలో చెప్పు, లేకుంటే రోజాకు మెడ ఉండదు."

ఇప్పుడు అక్క డెంకణికోటలో సొంత షెడ్డు నడుపుతోంది, ఇక్కడ సీనియరును నేనే. పోయిన వారం ఎవరో వస్తున్నారని హడావుడిలో మళ్ళీ 60.5 కొట్టాను. తెర మీద ఎర్రగా ఆ వాక్యమే వచ్చింది. వేలు గీత మీట దాకా పోయి ఆగింది. మీసం కూడా రాని ఆ కుర్రవాడు ఇన్నేళ్ళ తర్వాత నన్ను వాకిట్లో నిలబెట్టాడు. "సరే అప్పా" అని వాడితో పైకే అని, చుక్క తీసేశాను.