పక్క సీటు బ్రేకు

మా బావకు కోపం రాదు. వస్తే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. ఆయనకు రాకపోవడం వల్ల ఆ ఇంట్లో కోపపడే పనంతా నా నెత్తిన పడింది. ఇరవై ఆరేళ్ళుగా ఆయన డ్రైవింగ్ నేర్పుతున్నాడు. స్టీరింగు పట్టుకోగానే వణికిపోయే వాళ్ళ పక్కన కూర్చుని "మెల్లగా, మెల్లగా" అంటుంటాడు కాబట్టి ఊరంతా మెల్లగా మాస్టారు అంటారు. కాళ్ళకు ఎప్పుడూ తోలు చెప్పులే. కాలు కదిపితే కిర్రుమంటాయి, మార్చమంటే మార్చడు. నేను ఆయన భార్యకు తమ్ముణ్ణి. ఆయన డ్రైవింగ్ స్కూలు ఆఫీసులో ఫారాలు నింపడం, ఫోన్లెత్తడం, కార్లకు కావలసిన సామాన్లు కొనడం నా పని. "ఇన్నేళ్ళలో మా కారుకు ఒక్క గీత పడలేదు" అని బోర్డు మీద రాయించిందీ నేనే. అది చదువుకుని మురిసిపోని రోజు లేదు.

గీత ఎందుకు పడలేదో చెప్తాను. నేర్పే కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు కంగారు పడితే మాస్టారు తొక్కడానికి. మా బావ వాళ్ళు కంగారు పడేదాకా ఆగడు. దూరాన కుక్క తోక కనిపిస్తే చాలు, ఏదో కబురు చెబుతూనే తొక్కేస్తాడు. కారు బుద్ధిగా ఆగుతుంది. తామే ఆపామనుకుని వాళ్ళు పొంగిపోతారు. ఆ పెడలు మీది రబ్బరు ఏడాది తిరక్కుండా అరిగి నున్నగా అయ్యేది. కొత్తది నేనే కొనేవాణ్ణి. డ్రైవరు వైపు రబ్బరు మాత్రం కారుతో వచ్చిందే, దాని గళ్ళు కూడా సరిగ్గా అరగలేదు. "బావా, నీ కాలికి వేరే జీతం ఇవ్వాలి" అని నవ్వేవాణ్ణి. నవ్వానే గానీ, ఇలా ఎందుకు జరుగుతోందని ఒక్కసారీ ఆలోచించలేదు. నా బుద్ధి గడ్డి తింది.

మా మేనకోడలికి ఇరవై ఒక్కేళ్ళు. బావకు ఒక్కతే కూతురు. ఆ కారులోనే నేర్చుకుంది, మొదటి పరీక్షలోనే లైసెన్సు తెచ్చుకుంది. అంబులెన్సు నడపాలని దాని కోరిక. పేరు కూడా ఇచ్చింది, రెండు నెలల్లో అంబులెన్సు వాళ్ళ ముందు నడిపి చూపించాలి. ఈలోగా ఒక మధ్యాహ్నం వానలో వాళ్ళమ్మను ఎక్కించుకుని ఇంటి కారులో వస్తోంది. ముందు వెళ్తున్న లారీ ఆగింది. పిల్ల బ్రేకు ఆలస్యంగా తొక్కింది, తొక్కిందీ మెత్తగా తొక్కింది. కారు వెళ్ళి లారీ వెనక గుద్దుకుంది. పిల్లకు ఏమీ కాలేదు. మా అక్క కుడి మణికట్టు విరిగింది. అక్క బట్టలు కుడుతుంది. ఆ చెయ్యి లేక మిషను మూలపడింది.

మర్నాటి నుంచి పిల్ల స్టీరింగు ముట్టుకోలేదు. అంబులెన్సు వాళ్ళకు రానని రాసేస్తానంది. అమ్మ చెయ్యి నేనే విరగ్గొట్టాను మామయ్యా అని నా దగ్గర ఒకటే ఏడుపు. నా చెయ్యి సంగతి నేను చూసుకుంటాను, నువ్వు నోరు ముయ్యి అని అక్క ఎంత గదిమినా వినలేదు. కారు బ్రేకులు నిక్షేపంగా ఉన్నాయని మెకానిక్ చెప్పిన రోజు బావ కంచం ముందు కూర్చుని, కెలికి, లేచిపోయాడు. అవి పాడై ఉంటే బాగుండునని ఆశపడ్డట్టున్నాడు.

తర్వాత ఆయనకు ఒకటే పట్టుదల. హై పెర్ఫార్మెన్స్ డ్రైవింగ్ స్కూళ్ళని ఉంటాయి. వేగంగా వెళ్ళే కారును తడి నేల మీద ఆపడం, జారితే అదుపులోకి తెచ్చుకోవడం నేర్పుతారు. పిల్లను అలాంటి దాంట్లో చేర్చాలన్నాడు. డ్రైవింగ్ మాస్టారు కూతురు ఇంకో డ్రైవింగ్ స్కూలుకు వెళ్తే నలుగురూ నవ్విపోరా అని నేను ఎగిరాను. నవ్వనీ అన్నాడు.

మొదటి చోట అద్దాల హాలు, గోడ నిండా ఎర్ర కార్ల ఫొటోలు. మేనేజరు మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి, మూడు రోజుల్లో మీ అమ్మాయిని గుర్తుపట్టలేరన్నాడు. బావ అంతా విని ఒక్కటే అడిగాడు, పక్క సీటు వైపు బ్రేకుందా అని. ఉందండీ, మీకు భయమే అక్కర్లేదన్నాడతను. బావ లేచి బయటికి వచ్చేశాడు. రెండో చోటా అదే ప్రశ్న, అదే జవాబు, అదే లేవడం. రెండు బస్సులు మారి వచ్చినవాణ్ణి, నాకు ఒళ్ళు మండింది. బ్రేకు ఉంటే మంచిదే కదా, నీకేమైనా పిచ్చా అని బస్టాపులోనే అరిచాను. ఆయన తన కుడికాలి చెప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు.

మూడోది విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే. ఒక రేకుల షెడ్డు, నాలుగు కార్లు, నేల తడపడానికి నీళ్ళ ట్యాంకరు. నేర్పేది ఒక నడివయసు ఆవిడ, చేతిలో వాకీటాకీ. పక్క సీటు వైపు బ్రేకు లేదంది. తను కారు ఎక్కనే ఎక్కదట, బయట నిలబడి చెప్తుందట. కాలు నేర్చుకునేవాళ్ళదే, బ్రేకూ వాళ్ళదే అంది. బావ మొహంలోకి ప్రాణం వచ్చింది. ఆవిడ ఫారం తీసి, నడపడంలో మీ అమ్మాయి చేసే తప్పేమిటని అడిగింది.

బావ తన కుడికాలి వైపు చూపించాడు.

"తప్పు అమ్మాయిది కాదండి. ప్రతిసారీ నేనే తొక్కాను. దానికి బ్రేకు వేయడం నేను నేర్పలేదు."

ఆవిడ కలం పక్కన పెట్టింది. ఆ మాట అమ్మాయికి చెప్పారా అని అడిగింది. లేదన్నాడు. ముందు చెప్పి, తర్వాత తీసుకురమ్మంది. తనదే తప్పనుకుంటూ వచ్చే పిల్లకు ఇక్కడ కాలు ఆడదంది. తిరుగు బస్సులో నేను కొన్న రబ్బర్లన్నీ వరసగా గుర్తొచ్చాయి.

ఇంటికి రాగానే బావ స్కూలు కారు దగ్గరికి వెళ్ళి రెండు పెడళ్ళ రబ్బర్లూ ఊడదీసి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అక్క కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది.

"ఇది నాది, ఇది నీది," అన్నాడు కూతురితో. "నీకు దెబ్బ తగలకూడదని, కారుకు గీత పడకూడదని అన్నిసార్లూ నేనే తొక్కాను. అమ్మ చెయ్యి విరగ్గొట్టింది నువ్వు కాదమ్మా, నేను."

పిల్ల అరగని రబ్బరు తీసుకుని దాని గళ్ళ మీద వేలు రాసింది.

"నువ్వు తొక్కుతావని నాకు తెలుసు నాన్నా. ముందు నీ చెప్పు కిర్రుమనేది. అది వినబడగానే నేనూ కాలు పెట్టేదాన్ని." రబ్బరు తిరిగి బల్ల మీద పెట్టింది. "ఆ రోజు వానలో కూడా ఆ చప్పుడు కోసమే చూశాను."

బావ కుర్చీలో కూలబడి ఏడ్చాడు. ఇన్నేళ్ళలో ఆయన ఏడవడం నేను చూడలేదు. అక్క మంచి చేత్తో ఆయన భుజం పట్టుకుంది. అన్నేళ్ళూ ఆ రబ్బర్లు మార్చి నవ్వినవాణ్ణి నేనేనని నేనూ అప్పుడే చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాణ్ణి.

మరుసటి వారం పిల్లను రన్‌వేకి తీసుకెళ్ళాం. మొదటిసారి మెత్తగా తొక్కి, అడ్డంగా పెట్టిన ప్లాస్టిక్ కోన్లన్నీ పడగొట్టింది. రెండోసారీ అంతే. చూసేవాళ్ళ కోసం కట్టిన తాడు ఇవతల నిలబడ్డ బావ కుడికాలు నేలను తొక్కేస్తోంది, చెప్పు కిర్రుమంటోంది. బావా, కాలు అన్నాను. ఆయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఐదోసారి కారు కీచుమంటూ కోన్లకు బారెడు ఇవతలే ఆగింది. పిల్ల మా వైపు చూడను కూడా లేదు. కారు వెనక్కి తిప్పుకుని మళ్ళీ మొదటికి వెళ్ళింది.

నా గుండె మీంచి బండ దిగింది. బావకు దిగలేదు. చెప్పులు చేత్తోనే పట్టుకుని, "మరి మిగతావాళ్ళో?" అన్నాడు.

మర్నాడు నిచ్చెన వేసుకుని బోర్డు మీది వాక్యం నేనే చెరిపేశాను. కిందికి దిగేసరికి బావ ఇరవై ఆరేళ్ళ రిజిస్టర్లు ముందు పేర్చుకుని కూర్చున్నాడు. వెయ్యి పైచిలుకు పేర్లు. వాళ్ళంతా ఇప్పుడు ఏ రోడ్ల మీద ఉన్నారో. మొదటి పేజీలోని నంబర్లకు ఫోను చేస్తే మూడు పలకలేదు. నాలుగోది ఎవరో ఎత్తారు.

"నేను మెల్లగా మాస్టార్నమ్మా," అన్నాడు. "నీకు నేర్పాల్సింది ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. ఒకసారి వస్తావా?"