గట్టు తగాదా సీరియల్

ఆ రోజుల్లో నాకు జీతం తక్కువ, అభిప్రాయాలు ఎక్కువ. అశ్వారావుపేటలో ఒక పామాయిల్ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి, రైతులు ట్రాక్టర్లలో తెచ్చిన గెలలు చూసి ఇది పండింది, ఇది పచ్చిది, దీని కాడ మరీ పొడుగుంది అని వేరు చేయడం నా ఉద్యోగం. పగలంతా ఆ పని చేసినవాడు సాయంత్రం గదికొచ్చాక మాత్రం ఊరుకుంటాడా? ఫోనులో థాయ్‌లాండువీ, కొరియావీ, జపానువీ, తైవానువీ అబ్బాయీ అబ్బాయీ ప్రేమించుకునే సీరియళ్లు పెట్టుకుని వాటికి కూడా గ్రేడు ఇచ్చేవాణ్ణి. అలాంటివి చూసే తెలుగువాళ్ల గ్రూపు ఒకటి ఆన్‌లైన్‌లో ఉండేది. అందరివీ మారుపేర్లే. నా పేరు గ్రేడర్. కొత్తది ఏదొచ్చినా గ్రేడర్ ఏమన్నాడు అని జనం ఎదురుచూసేవాళ్లు (ముగ్గురో నలుగురో. నాకు మాత్రం తిరునాళ్లలా ఉండేది). నా తీర్పు దాదాపు ఎప్పుడూ ఒక్కటే: "చూడబుద్ధయింది, నమ్మబుద్ధి కాలేదు."

ఎలా నమ్ముతాం చెప్పండి. హీరోలిద్దరూ ఇంజనీరింగు చదువుతుంటారు, కాలేజీలో పరీక్షలుండవు. మీసం సరిగ్గా రాని కుర్రాడు పెద్ద కంపెనీకి యజమాని, ఆ కంపెనీ ఏం తయారుచేస్తుందో దేవుడికి తెలియాలి. ఒకడు వానలో తడుస్తాడు, వెంటనే జ్వరం, ఇంకొకడు తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తాడు, తెల్లారేసరికి జ్వరం మాయం. జపాను వాళ్లయితే సీరియల్ అంతా కిటికీలోంచి బయటికి చూసి చూసి చివర్లో చిటికెనవేలు తగిలించుకుంటారు. కొరియా వాళ్లది మనం టీ పెట్టుకుని వచ్చేలోపు అయిపోతుంది. థాయ్ వాళ్లు గుండె పగిలి ఏడుస్తూనే మొహానికి రాసుకునే క్రీము డబ్బా కెమెరాకి కనబడేలా పట్టుకుంటారు. ముద్దు పెట్టుకుంటే కవరు మీద స్టాంపు అంటించినట్టు ఉంటుంది. అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది చివర్లో తండ్రి ఒప్పుకునే సీను. అప్పటిదాకా కళ్లెర్ర చేసిన పెద్దమనిషి ఒక్క ఉపన్యాసానికి కరిగిపోయి ఇద్దరినీ కౌగిలించుకుంటాడు. ఏ దేశంలో ఉన్నాడయ్యా ఈ తండ్రి, కొంచెం అడ్రసు చెప్పండి అని గ్రూపులో రాసేవాణ్ణి.

నాతోపాటు గదిలో ఉండే వేంసూరు మాత్రం ప్రతిదీ నమ్మేవాడు. (వాళ్ల ఊరు వేంసూరు, కాబట్టి అందరూ అలాగే పిలిచేవాళ్లు.) ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేవాడు. జ్వరాలు తడిగుడ్డతో తగ్గవని పిల్లలకి పాఠం చెప్పి వచ్చి, సాయంత్రం అదే తడిగుడ్డ చూసి ముక్కు తుడుచుకునేవాడు. ఊరి లెక్కలో మేమిద్దరం రూమ్మేట్లం. గదిలో మంచాలు రెండు, వాటిలో ఒకదాని మీద ఎప్పుడూ ఉతికిన బట్టలే పడి ఉండేవి. మేం ప్రేమించుకున్నాం. ఈ రెండు మాటలూ ఇలా సూటిగా రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అప్పటికే వాళ్ల నాయన సంబంధాలు చూడటం మొదలుపెట్టాడు. నేలకొండపల్లిలో ఒక అమ్మాయి ఉందట, ఆదివారం వచ్చి తీసుకుపోతానని కబురు. "నాయనకు చెప్పేస్తర, నాతోని గాదు ఈ దొంగతనం," అన్నాడు వేంసూరు. "చెప్తే ఏమైతది? ఆ సీరియల్ల చెప్పలే?" "అది సీరియల్," అన్నాను. "అందులో నాయనకి జీతమిచ్చి ఒప్పించారు. మీ నాయనకి ఎవరిస్తారు?" నాకు భయం వేసింది. చెబితే వాణ్ణి ఇంటికి లాక్కుపోతారు, చెప్పకపోతే పెళ్లిపీటల మీద కూచోబెడతారు, రెంటిలో ఏదైనా వాడి బట్టలు పోయి ఆ రెండో మంచం ఖాళీ అవుతుంది.

మా ఇంటి ఓనరమ్మని మేం పెద్దమ్మ అనేవాళ్లం. వాళ్లది కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న కుటుంబం. భర్త పోయాక పామాయిల్ తోట తనే చూసుకునేది. ఒకరోజు సాయంత్రం మా గది ముందు డాబా మీద ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తడానికి వచ్చి, మా ఫోను వైపు తొంగిచూసి ఆగిపోయింది. ఆ వారం మేం చూస్తున్న థాయ్ సీరియల్ మొత్తం పామాయిల్ తోటలో జరుగుతుంది. "ఏ ఊర్రా ఇది? ములకలపల్లి వైపు లాగుందే," అంది. థాయ్‌లాండు పెద్దమ్మా అన్నాం. "అక్కడా పామాయిలేనా! ఇంత చిన్నదాంట్లో ఏం కనబడుద్ది, కిందకి తెచ్చి మా టీవీలో పెట్టండి." ఓనరమ్మ చెప్పాక అద్దెకున్నవాళ్లకి వేరే దారి ఉండదు. పెట్టాం. ఆవిడకి థాయ్ రాదు, కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదవలేదు. "ఏమంటున్నార్రా వీళ్లు?" అని అడిగింది. తెర మీద ఒకడు ఇంకొకడి కళ్లలోకి చూస్తూ నువ్వు లేకపోతే ఈ తోట నాకెందుకు అంటున్నాడు. నా నోట్లోంచి ఏం వచ్చిందంటే, "వీళ్లవి పక్కపక్క తోటలు పెద్దమ్మా. గట్టు తగాదా."

అంతే, ఇరుక్కుపోయాను. రోజూ సాయంత్రం వంటయ్యాక పెద్దమ్మ కుర్చీ వేసుకుని "రండ్రా, గట్టు తగాదా పెట్టండి" అని కేకేసేది. నేను టీవీ పక్కన చిన్నపీట మీద కూచుని ఒక ప్రేమకథని సర్వే నంబర్లలోకి తర్జుమా చేసేవాణ్ణి. వేంసూరు వెనకాల కూచుని నవ్వాపుకోలేక తువ్వాలు కొరికేవాడు. వానలో తడిసినవాడికి జ్వరం వచ్చింది, రెండోవాడు తుడుస్తున్నాడు, జ్వరంవాడు మూలుగుతూ ఏదో అన్నాడు. "ఏమంటున్నాడు?" "గట్టు మీద పాతిన రాయి తీసెయ్ అంటున్నాడు పెద్దమ్మా." "అంత జ్వరంలోనా?" "పట్టుదల మనిషి." చేపకూర తింటూ ఒకడు ముళ్లు ఏరి ముక్క రెండోవాడి పళ్లెంలో పెట్టాడు. విషం కలిపాడేమోనని వెతుకుతున్నాడు అన్నాను. నుదురూ నుదురూ ఆనించుకుంటే ఎకరం రేటు రహస్యంగా చెప్పుకుంటున్నారన్నాను. ముద్దు దగ్గర పడిందంటే నెట్ పోయేది (నేనే తీసేసేవాణ్ణి). "ఆ నెట్‌వాణ్ణి మార్చాలిరా, సరిగ్గా మాట కలిసే టైముకే పోతోంది," అని పెద్దమ్మ విసుక్కునేది.

ఆవిడ నాకన్నా కఠినమైన ప్రేక్షకురాలు. "తోట యజమాని తెల్లచొక్కా వేసుకుని కోతకి వస్తాడా? ఆ గెలని ఉత్తచేతుల్తో ఎత్తి భుజాన పెట్టుకుని నవ్వుతున్నాడేంట్రా, ముళ్లు దిగవా? కోతకూలీ ఒక్కడు లేడు, లారీ లేదు, గెలలు వాటంతటవే నడిచిపోతాయా?" నాలుగు మాటల్లో ఉతికి ఆరేసేది. గట్టు తగాదా మీద అయితే ఇంకా అనుమానం. "మా ఆయన పక్క తోటవాడితో తగాదా పడి పోయేదాకా మొహం చూడలేదు. వీళ్లేంట్రా, పొద్దున తగాదా, సాయంత్రం ఒకే బండి మీద షికారు?" సీరియళ్లలో నమ్మకం లేదని రోజూ గ్రూపులో అందరికీ చెప్పే గ్రేడర్, తన నోటితో తను చెప్పిన కథకి ఆ ఇంట్లో ఒక్క మార్కు కూడా తెచ్చుకోలేకపోయాడు.

ఆదివారం రానే వచ్చింది, మధ్యాహ్నం వాళ్ల నాయనా వచ్చాడు. తెల్లపంచె, భుజాన తువ్వాలు, పాత మోటారుసైకిలు. అదే రోజు మా సీరియల్‌కి ఆఖరి భాగం. పెద్దమ్మ ఆయన్ని గుమ్మంలోనే పట్టుకుని, "రా తమ్ముడూ, టీ తాగి పోదువుగాని, పామాయిల్ సీరియల్ వస్తోంది," అంది. ఆయన ఆ ఏడాదే పొలంలో పామాయిల్ మొక్కలు పెట్టాడు. "గట్లనా అక్కా, చూద్దాం," అని కూచున్నాడు. సీరియల్‌లో సరిగ్గా నేను తిట్టే సీనే నడుస్తోంది. కొడుకు తండ్రి కాళ్ల దగ్గర కూచుని ఏడ్చాడు, తండ్రి కాఫీ గుక్క వేసి, ఒక్క నిమిషం ఆకాశం వైపు చూసి, తెల్లదారం తెచ్చి, వాళ్ల పద్ధతిలో దీవెనగా, ఇద్దరి ముంజేతులకీ కట్టాడు. "ఏందిర, ఎందుకు ఏడుస్తుండ్రు అందరు?" అన్నాడు వేంసూరు నాయన. "గట్టు రాజీ అయింది బాబాయ్," అన్నాను.

పెద్దమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "ఇక చాల్లేరా," అంది. "చేప ముళ్లు తీసి పెట్టిన రోజే తెలిసింది నాకు. గట్టు తగాదా పడ్డవాడు పక్కవాడి గొంతులో ముల్లు ఇరుక్కోవాలని చూస్తాడు గాని ఏరి పెడతాడా? వాళ్లిద్దరూ ప్రేమించుకున్నారు. అది చూస్తే తెలియడం లేదూ? నేను నమ్మనిది ఆ గెల మోయడం ఒక్కటే." మళ్లీ గ్లాసు తీసుకుని మిగతా టీ తాగింది.

టీవీలో పాట నడుస్తోంది. వేంసూరు లేచి నాయన ఎదురుగా నేల మీద కూచున్నాడు. "నాయనా, నేను నేలకొండపల్లి రాను. ఆ పిల్ల బతుకు ఆగం చేయలేను. నేనూ వీడూ..." అని నావైపు చూశాడు. "మేమూ గట్లనే." తిడతాడో, కొడతాడో, కుప్పకూలతాడో అనుకున్నాను. సీరియళ్లలో తండ్రి ఒప్పుకునేముందు ఈ మూడే చూశాను. ఆయన కళ్లద్దాలు తీసి తువ్వాలుతో తుడిచాడు. తుడిచినవే మళ్లీ తుడిచాడు. "చేన్ల నీళ్లు పెట్టాలె. పోతున్న," అని లేచాడు. బయట ఆయన బండి స్టార్ట్ కాలేదు. కిక్కు మీద కిక్కు కొట్టాడు, పంచె చైనులో పడబోయింది, అయినా కాలేదు. చివరికి మేమిద్దరం వెళ్లి చెరోవైపు పట్టుకుని తోశాం. వద్దని అనలేక, తోయమని అనలేక ఆయన నిటారుగా కూచున్నాడు. రోడ్డు మలుపు దగ్గర బండి అందుకుంది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. వేంసూరు ఆ పొగలోనే నిలబడి ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. ఊళ్లో అందరూ చూస్తుండగా వాడి భుజం మీద చెయ్యేయడం అదే మొదటిసారి.

తర్వాత ఏమీ జరగలేదు. ఏ సీరియల్‌లోనూ చూపించనిది అదే. పండగలొచ్చాయి, పోయాయి. వాళ్లమ్మ ఎవరికీ తెలియకుండా ఫోను చేసేది, వెనకాల నాయన దగ్గు వినబడేది, దగ్గు తప్ప ఏమీ వినబడేది కాదు. పెద్దమ్మ మాత్రం ఇల్లు ఖాళీ చేయమనలేదు. ఊళ్లో ఎవరో ఏదో అంటే, "కిరాయి టైముకి ఇస్తారు, మెట్లు కడుగుతారు, మీ ఇంట్లోవాళ్లు కడుగుతారా?" అని నోరు మూయించిందట. ఇన్నేళ్ల తర్వాత, ఈ మధ్యనే, ఒకరోజు నా ఫోను మోగింది. కొడుక్కి కాదు, నాకు. "నేనే, వేంసూరు నుంచి," అన్నాడు నాయన. "తోట కాపుకొచ్చింది. గెల పండిందో లేదో సమజైతలే. నీకు తెలుసు గదా, ఇద్దరూ రండ్రి."

వెళ్లాం. వేంసూరు వాళ్లమ్మ దగ్గర వంటింట్లో ఉండిపోయాడు, ఆయనా నేనూ తోటలోకి నడిచాం. చెట్టు కింద రాలిన పళ్లు చూపించి ఇవి ఇలా వదులైతే కోయొచ్చు అని చెప్పాను. ఆయన తలూపి, కాసేపు కాలువ గట్టు మీద కూచుని, "ఒకటడుగుత, చెప్పు," అన్నాడు. "ఆ రోజు టీవీల చూసినం సూడు, ఆ తండ్రి. గంత జల్దీ ఎట్ల ఒప్పుకున్నడు? కాఫీ చల్లారకముందే దారం కట్టేసిండు. నాకైతే నమ్మబుద్ధి కాలె." ఇన్నేళ్లూ ఆయన మనసులో ఆ సీరియలే నడుస్తోందని నాకప్పుడు తెలిసింది. "ఏం చేస్తాడు బాబాయ్," అన్నాను, "అదే ఆఖరి భాగం. పాపం ఆయనకి టైమ్ లేదు." నాయన ఆలోచించాడు. "అవ్," అన్నాడు. "మీరు నాకిచ్చిండ్రు." తర్వాత పంచె దులుపుకుని, అమ్మ అన్నానికి పిలుస్తోందని లేచాడు.

మేమిప్పటికీ ఆ సీరియళ్లు చూస్తాం. ఇప్పుడు వేంసూరే పెద్ద విమర్శకుడు, "గిట్ల యాడనన్న ఉంటదా" అని ప్రతి సీనుకీ చిరాకు పడతాడు. తండ్రి ఒప్పుకునే సీను వస్తే నేను తువ్వాలు వెతుక్కుంటాను. క్రీము డబ్బా పట్టుకుని ఒప్పుకున్నా సరే, నాకు కన్నీళ్లే. ఆ పాత గ్రేడర్ ఇప్పుడు నన్ను చూస్తే గ్రూపులోంచి తీసేసేవాడు. పాపం కుర్రాడు, ఎంత భయపడేవాడో.